పాత ఎస్‌యూవీకి సస్పెన్షన్ ఆర్మ్ కొనే ముందు

పాఠకుల ప్రశ్నలు - జవాబులు

పదేళ్లు దాటిన ఎస్‌యూవీల సస్పెన్షన్ ఆర్మ్‌ల (చక్రాన్ని ఛాసిస్‌కు కలుపుతూ పైకీ కిందికీ కదలనిచ్చే భాగాల) గురించి, ముఖ్యంగా అవి ఎక్కడ దొరుకుతాయి, దొరికినవాటిలో దేన్ని నమ్మవచ్చు అన్న విషయం గురించి పలువురు పాఠకులు రాశారు. ఎక్కువ మందికి పనికివచ్చే ప్రశ్నలను ఎంచుకుని ఇక్కడ జవాబులు ఇస్తున్నాము.

ప్రశ్న: నా దగ్గర 2009 నాటి టాటా సఫారీ డైకార్ ఉంది. స్పీడ్ బ్రేకర్ దిగినప్పుడల్లా ముందు ఎడమ చక్రం దగ్గర టక్కుమని శబ్దం వస్తోంది. షెడ్డులో చూపిస్తే రెండు వైపులా లోయర్ ఆర్మ్‌లు మార్చాలన్నారు. దుకాణానికి వెళ్లి సఫారీ ఆర్మ్ కావాలని అడిగితే మూడు రకాలు తెచ్చి ముందు పెట్టారు. చూడటానికి అన్నీ దాదాపు ఒకలాగే ఉన్నాయి కానీ ధరల్లో చాలా తేడా ఉంది. నా బండికి ఏది సరిపోతుందో, వాటిలో ఏది మంచిదో ఎలా తేల్చుకోవాలి?
- ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: దుకాణానికి వెళ్లేముందు షెడ్డులోనే తేలవలసిన విషయం ఒకటి ఉంది. ఆర్మ్ అని మనం ఒక్క మాటలో అంటున్నది నిజానికి మూడు భాగాల కూర్పు. ఛాసిస్ వైపు రబ్బరు బుష్‌లు (రెండు ఉక్కు గొట్టాల మధ్య రబ్బరు ఉండే కీళ్లు), చక్రం వైపు బాల్ జాయింట్ (గిన్నెలో గుండు తిరిగే కీలు), ఈ రెండింటినీ కలిపే ఇనుప చట్రం. గట్టి దెబ్బ తగిలితే తప్ప ఇనుప చట్రం సాధారణంగా పాడవదు; ఏళ్లు గడిచేకొద్దీ బుష్ రబ్బరు పగులుతుంది, రక్షణగా ఉన్న రబ్బరు తొడుగు చిరిగి దుమ్ము, నీరు చేరడంతో బాల్ జాయింట్ అరుగుతుంది. కాబట్టి ఆర్మ్ మార్చాలి అన్న మెకానిక్‌ను బుష్ పోయిందా, జాయింట్ పోయిందా, చట్రం వంగిందా అని నేరుగా అడగండి. స్టెబిలైజర్ లింకు రాడ్డు (మలుపుల్లో బండి పక్కకు ఒరగకుండా ఆపే కడ్డీని సస్పెన్షన్‌కు కలిపేది), దాని బుష్‌లు, షాక్ అబ్జార్బర్ పై బుష్ అరిగినా సరిగ్గా మీరు చెప్పిన శబ్దమే వస్తుంది, అవి ఆర్మ్ కంటే ఎంతో చౌక. వాటిని చూడకుండా రెండు ఆర్మ్‌లకూ ఆర్డరు పెట్టించే షెడ్డును నేనైతే రెండో మాట అడగకుండా వదిలేస్తాను.

బాల్ జాయింట్‌ను పరీక్షించడానికి ఒక పద్ధతి ఉంది, చాలా చోట్ల దానిని పాటించడం లేదు. బండి బరువు జాయింట్ మీద ఉండగా చక్రాన్ని ఊపితే అరిగిన జాయింట్ కూడా బిగుతుగానే కనిపిస్తుంది. స్ప్రింగు గాని టార్షన్ బార్ (మెలి తిరుగుతూ స్ప్రింగులా పనిచేసే ఉక్కు కడ్డీ) గాని కింది ఆర్మ్‌ను పట్టుకుని ఉంటే జాకీని ఆ కింది ఆర్మ్ కిందే, చక్రానికి వీలైనంత దగ్గరగా పెట్టి లేపాలి. బరువును పై ఆర్మ్ మోస్తున్నా, స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసిన నిలువు భాగం) మోస్తున్నా జాకీని ఛాసిస్ కింద పెట్టి చక్రాన్ని వేలాడనివ్వాలి. అప్పుడు టైరు కింద గునపం పెట్టి పైకి ఎత్తితే జాయింట్‌లోని వదులు కంటికి కనిపిస్తుంది. బుష్‌ల సంగతి తేలిక. బుష్ పక్కన గునపంతో మెల్లగా తోసినప్పుడు రబ్బరు లోపలి ఉక్కు గొట్టం నుంచి విడిపోయి కనిపిస్తే దాని పని అయిపోయినట్లే. పైపైన సన్నని పగుళ్లు మాత్రమే ఉంటే కొంతకాలం ఆగవచ్చు.

బుష్ గాని జాయింట్ గాని విడిగా దొరికి, దగ్గరలో హైడ్రాలిక్ ప్రెస్ ఉన్న వర్క్‌షాపు ఉంటే, చట్రం బాగున్నంతవరకూ మొత్తం ఆర్మ్ కొనవలసిన అవసరం లేదు. అయితే ప్రెస్ లేకుండా సుత్తితో కొట్టి బుష్ ఎక్కించే చోట మాత్రం ఈ పని చేయించకండి. ఒత్తిడి బుష్ బయటి గొట్టం మీదే పడాలి, లోపలి గొట్టం మీద పడితే రబ్బరు మొదటి రోజే చిరుగుతుంది. కొన్ని బుష్‌లలో రబ్బరు మధ్య ఖాళీలు ఉంటాయి, అవి ఏ దిశలో ఉండాలో గుర్తులు కూడా ఉంటాయి; ఆ దిశ తప్పితే కొత్త బుష్ వేసి కూడా బండి నడక మారిపోతుంది.

ఇక మీ అసలు ప్రశ్న. సఫారీ అన్న పేరు మీద దుకాణదారు మూడు రకాలు తేవడంలో ఆయన తప్పు లేదు. 1998లో వచ్చిన మొదటి సఫారీ, 2005లో వచ్చిన 3 లీటర్ల డైకార్, 2007 నుంచి వచ్చిన 2.2 లీటర్ల డైకార్, 2012లో వచ్చిన సఫారీ స్టార్మ్, 2021లో అదే పేరుతో వచ్చిన కొత్త బండి అన్నీ సఫారీలే. వీటిలో పాత బండ్లకు ముందు వైపు టార్షన్ బార్‌తో కూడిన జంట ఆర్మ్‌ల (పైన ఒకటి, కింద ఒకటి) అమరిక ఉంటుంది, స్టార్మ్‌కు జంట ఆర్మ్‌లు ఉన్నా టార్షన్ బార్ బదులు కాయిల్ స్ప్రింగు వచ్చింది, 2021 నాటి సఫారీ ఛాసిస్ ఫ్రేమ్ మీద కట్టిన బండే కాదు, దానికి ముందు వైపు స్ట్రట్ ఉంటుంది కనుక పై ఆర్మ్ అన్నదే ఉండదు. అందువల్ల సఫారీ ఆర్మ్ అని ఎప్పుడూ అడగవద్దు. ఆర్‌సీ మీద ఉన్న 17 అక్షరాల ఛాసిస్ నంబరు రాసుకుని, కంపెనీ స్పేర్ పార్టుల కౌంటరులో ఆ నంబరు ఇచ్చి, మీ బండికి కుడి, ఎడమ లోయర్ ఆర్మ్‌ల పార్టు నంబర్లు ఏమిటో అడిగి తెలుసుకోండి. పాత నంబరును రద్దు చేసి దాని బదులు కొత్త నంబరు ఇచ్చారా అన్నది కూడా అప్పుడే అడగాలి. కంప్యూటరులో పాత నంబరు కొట్టి స్టాకు లేదు అని చెప్పి పంపించడం, అదే పార్టు కొత్త నంబరు మీద గోదాములో ఉండటం తరచుగా జరిగే విషయమే. పార్టును అక్కడ కొనకపోయినా ఫరవాలేదు, నంబరు చేతిలో ఉంటే ఏ దుకాణంలోనైనా బేరం మీ వైపు ఉంటుంది. వీలైతే విప్పిన పాత ఆర్మ్‌ను కూడా గోనెసంచిలో వేసుకుని వెళ్లండి. బుష్ కన్నాల మధ్య దూరం, జాయింట్ మేకు (జాయింట్ నుంచి బయటికి వచ్చే కడ్డీ) మందం, స్టెబిలైజర్ లింకు తగిలించే చెవి ఉన్న చోటు పక్కపక్కన పెట్టి చూస్తే నిమిషంలో తేలిపోతుంది.

నాణ్యత విషయానికి వస్తే బజారులో దొరికేవి స్థూలంగా నాలుగు రకాలు. బండి తయారీదారు పెట్టెలో వచ్చే కంపెనీ పార్టు ఒకటి. వాహన కంపెనీలకు ఇలాంటి భాగాలు తయారుచేసి ఇచ్చే సంస్థలు తమ సొంత పెట్టెలో అమ్మేది రెండోది. స్టీరింగ్, సస్పెన్షన్ జాయింట్లలో చెన్నైకి చెందిన రానే, జెడ్‌ఎఫ్ గ్రూపుకు చెందిన టీఆర్‌డబ్ల్యూ, లెమ్‌ఫోర్డర్ ఈ కోవలోవి. విడిభాగాల మార్కెట్ కోసమే తయారుచేసే పేరున్న బ్రాండ్లు మూడోవి. పేరు, ఊరు లేని తెల్ల అట్టపెట్టె నాలుగోది. నా అభిప్రాయంలో మొదటి రెండింటి మధ్య తేడా ప్రధానంగా ధరలోనే, మూడోదాన్ని బ్రాండును బట్టి తేల్చుకోవాలి, నాలుగోదాన్ని ఎంత చౌకగా వచ్చినా ముట్టుకోకూడదు. పైకి నల్ల రంగు నిగనిగలాడుతూ ఉంటుంది కానీ లోపల రేకు మందం తక్కువ, వెల్డింగ్ అతుకు ఎగుడుదిగుడు, జాయింట్ తొడుగు నాసిరకం.

అయితే మొదటి రకం పెట్టెలో నాలుగో రకం సరుకు పెట్టి అమ్మేవాళ్లు కూడా ఉన్నారు. ప్యాకేజీ సరుకుల విషయంలో 2011 నాటి తూనికలు కొలతల నిబంధనల ప్రకారం పెట్టె మీద తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, నెల, సంవత్సరం, గరిష్ఠ చిల్లర ధర, ఫిర్యాదుకు ఫోను నంబరు ఉండాలి. దిగుమతి సరుకైతే ఏ దేశంలో తయారైందో కూడా ఉండాలి. ఇవి లేని పెట్టె మీద ఎంత మెరిసే హోలోగ్రామ్ ఉన్నా దాన్ని పక్కన పెట్టండి. ఇంకొక మాట: 2025 సెప్టెంబరు 22 నుంచి ఆటో విడిభాగాలన్నింటి మీద జీఎస్టీ 18 శాతమే. అంతకుముందు వీటిలో చాలావాటి మీద 28 శాతం ఉండేది. పాత ధర స్టిక్కరు ఉన్న సరుకును అదే ధరకు అంటగడుతుంటే ఆ తేడా గుర్తుచేయండి, జీఎస్టీ బిల్లు తప్పకుండా తీసుకోండి. పార్టు పాడై వినియోగదారుల కమిషన్ దాకా వెళ్లవలసి వస్తే బిల్లు లేకుండా మీ మాట నిలవడం కష్టం.

మీరు ఖమ్మంలో ఉన్నారు కనుక ఇటు విజయవాడ ఆటోనగర్, అటు సికింద్రాబాద్ రాణీగంజ్ రెండూ అందుబాటులోనే ఉన్నాయి. టాటా, మహీంద్రా పాత బండ్ల వరకు ఈ రెండు చోట్ల దొరకనిది అరుదు. ఒక వైపు జాయింట్ అరిగితే రెండో వైపుది కూడా పరీక్షించి, బాగుంటే వదిలేయవచ్చు. బుష్‌లు మాత్రం రెండు వైపులా కలిపి మార్చడమే మంచిది, ఒక వైపు గట్టిగా, మరో వైపు మెత్తగా ఉంటే బ్రేకు వేసినప్పుడు బండి పక్కకు లాగుతుంది.

ప్రశ్న: మాది 2010 నాటి షెవ్రోలే కాప్టివా. కంపెనీ మన దేశంలో అమ్మకాలు ఆపేసి చాలా ఏళ్లయింది. ముందు లోయర్ ఆర్మ్ కావాలంటే ఏ దుకాణంలోనూ లేదంటున్నారు. ఇక బండిని తుక్కుకు ఇచ్చేయడమేనా?
- ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: అంత తొందర అక్కరలేదు. షెవ్రోలే బండ్లు అమ్మిన జనరల్ మోటార్స్ (జీఎం) 2017 చివరికి భారత్‌లో అమ్మకాలు ఆపింది కానీ మీ బండి ప్రపంచంలో ఒంటరి కాదు. దక్షిణ కొరియాలో రూపుదిద్దుకున్న ఈ బండి అక్కడ తొలుత దేవూ విన్‌స్టార్మ్ పేరుతో అమ్ముడైంది. ఐరోపాలో ఓపెల్ సంస్థ అమ్మిన 'అంటారా' (Antara), అమెరికాలో 2008 నుంచి వచ్చిన శాటర్న్ వ్యూ, ఆ తరువాతి కాప్టివా స్పోర్ట్ అన్నీ ఇదే పునాది మీద కట్టిన బండ్లు. అందువల్ల కాప్టివా అని అడిగి లేదనిపించుకునే బదులు జీఎం పార్టు నంబరు పట్టుకుని 'అంటారా' అన్న పేరుతో కూడా వెతికించండి. విడిభాగాల మార్కెట్‌కు తయారుచేసే సంస్థలు తమ కేటలాగులలో ఒకే ఆర్మ్ కింద ఈ పేర్లన్నీ వరుసగా ఇస్తాయి. కొరియాకు చెందిన సీటీఆర్, జర్మనీకి చెందిన ఫెబి, మైలే లాంటి బ్రాండ్లలో వెతకడం మేలు.

కాప్టివాకు ముందు వైపు మాక్‌ఫెర్సన్ స్ట్రట్ కాబట్టి చక్రానికి ఒక్క లోయర్ ఆర్మ్ ఉంటుంది, పొరబాటుకు ఆస్కారం తక్కువ. వెనుక వైపు మాత్రం ఒక్కో చక్రానికి పలు ఆర్మ్‌లు ఉంటాయి. వెనుక ఆర్మ్ అని మాత్రమే చెప్పి తెప్పిస్తే తప్పుడు పార్టు రావడం దాదాపు ఖాయం. ఫోటో తీసి, ఏది కావాలో గుర్తు పెట్టి పంపండి.

విశాఖలో దొరకకపోతే చెన్నై పుదుపేట, బెంగళూరు జేసీ రోడ్డు, ఢిల్లీ కశ్మీరీ గేట్ దుకాణాలు పార్సిలులో పంపుతాయి. ఆన్‌లైనులో విడిభాగాలు అమ్మే బూడ్‌మో లాంటి చోట్ల పార్టు నంబరుతోనే వెతకవచ్చు. ముందుగా డబ్బు పంపే పక్షంలో నంబరు సరిపోకపోతే వాపసు తీసుకుంటారా అన్నది రాతపూర్వకంగా అడగండి. దొరికినప్పుడు ఒకటి కాకుండా ఎడమ, కుడి రెండూ కొని పెట్టుకోవడం ఈ బండి విషయంలో దుబారా కాదు. అయితే రబ్బరు నిల్వలో కూడా గట్టిపడుతుంది, అందుకని ఏళ్ల తరబడి దాచే ఉద్దేశంతో రెండో జత కొనకండి.

ప్రశ్న: మొదటి తరం ఫోర్డ్ ఎండీవర్ వాడుతున్నాను. కొత్త ఆర్మ్ ధర విని గుండె జారింది. ఆటోనగర్‌లో విడదీసిన బండి నుంచి తీసిన ఆర్మ్‌లు మూడో వంతు ధరకే ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా?
- ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఇనుప చట్రం కోసం అయితే తీసుకోవచ్చు, దానికున్న బుష్‌లను, జాయింట్‌ను నమ్మి మాత్రం తీసుకోవద్దు. వాడిన ఆర్మ్‌లో రబ్బరు వయసు మీ బండి రబ్బరు వయసే. చౌకగా వచ్చిన చట్రానికి కొత్త బుష్‌లు, కొత్త జాయింట్ వేయించే ఖర్చు కూడా కలిపి చూసి, అప్పుడు కొత్తదాని ధరతో పోల్చండి. చాలాసార్లు తేడా అనుకున్నంత ఉండదు.

చట్రాన్ని ఎంచుకునేటప్పుడు అది ఏ బండిది, ఎందుకు విడదీశారు అని అడగండి. ప్రమాదానికి గురైన బండి అయితే దెబ్బ తగిలిన వైపు ఆర్మ్ ఎంత బాగున్నట్లు కనిపించినా వద్దు. వంపు కంటికి తెలియకపోవచ్చు. బుష్ కన్నం నడుమ నుంచి జాయింట్ మేకు నడుమ దాకా టేపుతో కొలిచి, మీ బండిలో బాగున్న ఆర్మ్‌తో సరిచూడండి. జాయింట్ కూర్చునే కన్నం గుండ్రంగా ఉందా, కోలగా సాగిందా అన్నది వేలితో తడిమినా తెలుస్తుంది. కొత్తగా రంగు పూసిన పాత ఆర్మ్‌ను అనుమానించండి, రంగు కింద వెల్డింగ్ మచ్చ ఉండవచ్చు. వంగిన ఆర్మ్‌ను కాల్చి సాపు చేయడం, పగిలినదాన్ని అతికించడం ఎవరు ఎంత నమ్మకంగా చెప్పినా ఒప్పుకోవలసిన పని కాదు; కాల్చినప్పుడు ఉక్కు బలం మారిపోతుంది, ఆ సంగతి బయటపడేది రోడ్డు మీదే.

ఫోర్డ్ 2021 సెప్టెంబరులో భారత్‌లో బండ్ల తయారీని ఆపుతున్నట్లు ప్రకటించింది. అయినా మీ బండికి దారులు మూసుకుపోలేదు. మన దేశంలో 2003 నుంచి అమ్మిన ఎండీవర్‌నే థాయిలాండ్ తదితర దేశాలలో ఎవరెస్ట్ అంటారు. ఇది ఫోర్డ్ రేంజర్ పికప్ మీద, దానితో పాటు మాజ్దా పికప్ మీద ఆధారపడిన బండి. రేంజర్, ఎవరెస్ట్, మాజ్దా బీటీ-50 పేర్లతో థాయిలాండ్ నుంచి వచ్చే ఆర్మ్‌లలో మీ నంబరుకు సరిపోయేవి ఉంటాయి. 2016లో వచ్చిన కొత్త ఎండీవర్ ఆర్మ్‌లు మీ బండికి పనికిరావు, ఎవరైనా కొద్దిగా రుద్దితే సరిపోతుంది అంటే వెనక్కు వచ్చేయండి.

ప్రశ్న: మా తమ్ముడు షార్జాలో ఉంటాడు. మా 2005 పజేరో ఎస్‌ఎఫ్‌ఎక్స్‌కు అక్కడి నుంచి ఆర్మ్‌లు తెప్పించుకోవచ్చా?
- ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: తెప్పించుకోవచ్చు. హిందుస్థాన్ మోటార్స్ తమిళనాడులోని తిరువళ్లూరు దగ్గర తయారుచేసిన ఈ బండి అంతర్జాతీయంగా రెండో తరం పజేరో. అమెరికాలో మాంటెరో, బ్రిటన్‌లో షోగన్ అన్న పేర్లతో తిరిగింది. గల్ఫ్ దేశాలలో ఈ తరం పజేరోలు విరివిగా ఉండేవి కాబట్టి షార్జా పారిశ్రామిక ప్రాంతంలోని విడిభాగాల దుకాణాలలో కొత్తవి, వాడినవి రెండూ వెతకవచ్చు.

తమ్ముడికి బండి పేరు కాదు, పార్టు నంబరు పంపండి. మిత్సుబిషి పాత నంబర్లు ఎక్కువగా ఎంబి, ఎంఆర్ అన్న అక్షరాలతో మొదలవుతాయి. అక్కడి బండ్లు చాలావరకు పెట్రోలువి, మీది డీజిలు; ఇంజను బరువును బట్టి మారే భాగాలు కొన్ని ఉంటాయి కనుక నంబరు అక్షరం అక్షరం సరిపోవాలి. పై ఆర్మ్‌లా, కింది ఆర్మ్‌లా అన్నది స్పష్టంగా రాయండి. స్టీరింగు అక్కడ ఎడమ వైపు ఉంటుంది కాబట్టి ఎడమ, కుడి అన్న మాటల దగ్గర గందరగోళం రాకుండా బండిలో కూర్చుని ముందుకు చూస్తున్నప్పుడు ఎడమ అని వివరించండి, డ్రైవరు వైపు అన్న మాట అసలు వాడకండి. కొరియరులో వస్తే కస్టమ్స్ సుంకం, జీఎస్టీ పడతాయి. సామానులో తెచ్చేటట్లయితే బిల్లు దగ్గర ఉంచుకుని విమానాశ్రయంలో ప్రకటించడం క్షేమం. ఆర్మ్ బరువు కూడా తక్కువేమీ కాదు, విమాన సంస్థ అదనపు బరువుకు వసూలు చేసేది చూసుకుంటే బుష్‌లు, జాయింట్లు మాత్రం తెప్పించుకోవడం కొన్నిసార్లు లాభం.

ప్రశ్న: మేము టెక్సస్‌లో ఉంటున్నాము. మా అబ్బాయి కాలేజీకి వెళ్లడానికి 2001 టయోటా ఫోర్‌రన్నర్ కొన్నాము. ముందు రెండు వైపులా ఆర్మ్‌లు, బాల్ జాయింట్లు కలిపిన సెట్టు ఆన్‌లైనులో చాలా తక్కువకు వస్తోంది, డీలరు దగ్గర ఒక్క జాయింటే దానికంటే ఎక్కువ. చౌక సెట్టు వేస్తే ప్రమాదమా?
- ఒక పాఠకురాలు, డల్లాస్ దగ్గర

జవాబు: ఈ బండి విషయంలో నా సమాధానం సూటిగా ఉంటుంది. మిగతా ఎక్కడైనా పొదుపు చేయండి, లోయర్ బాల్ జాయింట్ దగ్గర మాత్రం వద్దు.

కారణం దాని అమరికలో ఉంది. 1996 నుంచి 2002 వరకు వచ్చిన ఈ తరం ఫోర్‌రన్నర్‌లో లోయర్ జాయింట్ నాలుగు బోల్టులతో చక్రాన్ని మోసే నకిల్ అడుగున బిగించి ఉంటుంది, దాని మేకు లోయర్ ఆర్మ్‌లోకి దిగుతుంది. బండి బరువు ఆ జాయింట్‌ను నొక్కదు, విడదీసే దిశలో లాగుతుంది. నొక్కుడు పడే జాయింట్ అరిగితే శబ్దం చేస్తూ కొంతకాలం మోస్తుంది. లాగుడు పడే జాయింట్ బాగా అరిగిపోతే గుండు గిన్నెలోంచి ఊడి వస్తుంది, చక్రం బండి కిందికి మడతపడుతుంది. నెమ్మదిగా స్టీరింగు తిప్పుతూ పార్కింగు నుంచి బయటికి వస్తున్నప్పుడు జరిగితే అదృష్టం, హైవే మీద జరిగితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. ఈ తరం బండి నడిపేవాళ్లు టయోటా సొంత జాయింట్ వేయమని పట్టుబట్టడానికి కారణం ఇదే. జపాన్‌కు చెందిన సాంకేయి తయారుచేసే 555 బ్రాండును కూడా చాలామంది నమ్ముతారు. జాయింట్‌తో పాటు ఆ నాలుగు బోల్టులు కూడా కొత్తవి వేయించండి.

ఇనుప ఆర్మ్ విషయంలో అంత కఠినంగా ఉండనక్కరలేదు, పేరున్న బ్రాండుది వేయవచ్చు. టయోటా డీలర్లలో కొందరు ఆన్‌లైనులో జాబితా ధర కంటే బాగా తగ్గించి అమ్ముతారు కాబట్టి దగ్గరలోని కౌంటరు ధరే చివరి ధర అనుకోవద్దు. ఆర్మ్‌ను ఛాసిస్‌కు పట్టి ఉంచే క్యామ్ బోల్టులు (తిప్పితే చక్రం కోణం మారే సర్దుబాటు బోల్టులు) తుప్పుతో బుష్ గొట్టానికి అంటుకుపోయి ఉంటే రంపంతో కోయక తప్పదు. బండి టెక్సస్‌లోనే పుట్టి పెరిగి ఉంటే ఈ బాధ తక్కువ, మంచు రోడ్ల మీద ఉప్పు చల్లే ఉత్తరాది రాష్ట్రం నుంచి వచ్చి ఉంటే క్యామ్ బోల్టులు కూడా ఆర్మ్‌లతో పాటే ఆర్డరు చేయండి, లేకపోతే విప్పిన బండి షెడ్డులోనే రోజుల తరబడి ఉండిపోతుంది. అన్నిటికంటే ముందు అమెరికా జాతీయ రహదారి ట్రాఫిక్ భద్రతా సంస్థ (ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ) వెబ్‌సైటులో బండి విన్ నంబరు (17 అక్షరాల ఛాసిస్ నంబరు) కొట్టి, రీకాల్ (లోపం సరిచేయడానికి కంపెనీ బండ్లను వెనక్కు పిలవడం) ఏదైనా పూర్తికాకుండా మిగిలి ఉందేమో చూడండి. అక్కడ ఏదైనా కనిపిస్తే ఆ పని డీలరు ఉచితంగా చేస్తారు.

ప్రశ్న: 2011 ఫార్చూనర్‌కు రెండు వైపులా కంపెనీ లోయర్ ఆర్మ్‌లే వేయించాను. ఏడాది తిరగకుండానే బుష్ రబ్బరు పగిలింది, బండి ఎడమకు లాగుతోంది. డూప్లికేటు ఇచ్చి ఉంటారా?
- ఒక పాఠకుడు, నెల్లూరు

జవాబు: ముందు బిల్లు తీసి పార్టు నంబర్లు చూడండి. టయోటా నంబర్లలో మొదటి అయిదు అంకెలు అది ఏ రకం భాగమో చెబుతాయి. ముందు కుడి లోయర్ ఆర్మ్ 48068తో, ఎడమది 48069తో మొదలవుతాయి. ఆ తరువాత వచ్చే 0కె అన్న గుర్తు హైలక్స్, ఫార్చూనర్, ఇన్నోవా కుటుంబానిది. చివరి మూడు అంకెలు వేరైతే ఆర్మ్ వేరు కావచ్చు. ఇన్నోవా ఆర్మ్‌ను ఫార్చూనర్‌కు అంటగట్టే ప్రయత్నం ఆ మూడు అంకెల దగ్గరే దొరుకుతుంది. నంబరు సరిపోయి, పెట్టె మీద వివరాలన్నీ ఉంటే పార్టును తప్పుపట్టే ముందు బిగించిన తీరును అడగాలి.

రబ్బరు బుష్‌లో లోపలి గొట్టం బోల్టుతో ఛాసిస్‌కు బిగుసుకుపోతుంది, బయటి గొట్టం ఆర్మ్‌తో పాటు తిరుగుతుంది, మధ్యలో రబ్బరు మెలి తిరుగుతూ ఆ కదలికను భరిస్తుంది. బండిని లిఫ్టు మీద ఎత్తి, చక్రాలు కిందికి వేలాడుతుండగానే ఆ బోల్టును పూర్తిగా బిగించేశారనుకోండి. బండిని నేల మీదికి దించగానే రబ్బరు మెలితిరిగిన స్థితిలో ఉండిపోతుంది, గుంతలో పడినప్పుడల్లా ఇంకా మెలి పడుతుంది. అలా బిగించిన ఒరిజినల్ బుష్ కూడా నెలల్లో చిరుగుతుంది. బోల్టులను వదులుగా పెట్టి, బండిని చక్రాల మీద నిలబెట్టి, లేదా నాలుగు స్తంభాల లిఫ్టు మీద చక్రాలపైనే ఉంచి, ముందు భాగాన్ని రెండు మూడు సార్లు కిందికి నొక్కి వదిలి, అప్పుడు టార్క్ రెంచితో కంపెనీ చెప్పిన కొలతకు బిగించాలి. షెడ్డువాళ్లను ఈ ఒక్క ప్రశ్న అడగండి. వాళ్లు తెల్లమొహం వేస్తే మీ బుష్ ఎందుకు పోయిందో మీకు తెలిసిపోతుంది. బుష్ మీద ఇంజను ఆయిలు గాని గ్రీజు గాని పూసి శబ్దం తగ్గించే అలవాటు ఉన్న షెడ్డు అయితే అది రెండో కారణం, పెట్రోలియం జిడ్డు మామూలు రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తుంది.

ఎడమకు లాగడం అలైన్‌మెంట్ సమస్య కావచ్చు. ఫార్చూనర్ లోయర్ ఆర్మ్ బోల్టులకు క్యామ్‌లు ఉంటాయి, వాటిని తిప్పే కొద్దీ చక్రం వాలు, ముందు వెనుకల స్థానం మారతాయి. విప్పే ముందు వాటి స్థానానికి గుర్తు పెట్టుకోకుండా, బిగించాక టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండే తీరు) ఒక్కటే సరిచేసి పంపించే చోట్లు ఎన్నో ఉన్నాయి. క్యాంబర్ (చక్రం పక్కకు వాలే కోణం), క్యాస్టర్ (స్టీరింగు తిప్పినప్పుడు చక్రం తిరిగే అక్షం ముందుకో వెనక్కో వాలే కోణం) కూడా చూపించే యంత్రం ఉన్న చోటికి వెళ్లి, ముందు, తరువాత కొలతల కాగితం అడిగి తీసుకోండి. టార్షన్ బార్ ఉన్న పాత బండ్లలో ఆర్మ్ మార్చినవాళ్లు బార్ సర్దుబాటు బోల్టు ఎంత బయటికి ఉందో ముందే కొలిచి రాసుకోవాలి, లేకుంటే బండి ఎత్తే మారిపోయి ఆ తరువాతి అలైన్‌మెంట్ అంతా వృథా అవుతుంది.

ఇప్పుడు మీరు చేయవలసింది పగిలిన బుష్‌లు మాత్రమే మార్పించడం, చట్రాలు, జాయింట్లు కొత్తవే కనుక వాటి జోలికి పోనక్కరలేదు. బుష్‌లు విడిగా కంపెనీ కౌంటరులోనే ఆర్డరు చేయండి. బిగించే రోజు, చివరి బోల్టు బిగించేటప్పుడు బండి చక్రాల మీద నిలబడి ఉందో లేదో మీరే పక్కన ఉండి చూడండి.